పాత గౌను, కొత్త చీటీగుడ్డ

మన కృష్ణా తీరంలో వేసవి ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పవలసిన పని లేదు. బెజవాడ ఎండ రాతి ఎండ. కొండబండలు పగలంతా కాగి, ఆ సెగను రాత్రి మన మీదికి వదులుతాయి. పట్టణం దాటి బందరు వైపో, గుడివాడ వైపో పోతే సెగ కొంత తగ్గుతుంది గాని, గాలిలోని తేమ వలన చెమట ఆరదు. పెద్దలము ఏదో విధంగా ఓర్చుకుంటాము. పిల్లల సంగతి వేరు. బడికి సెలవులిచ్చిన నాలుగు రోజులకే వారి మెడల మీద, వీపుల మీద చెమటకాయలు లేస్తాయి. అటువంటి రోజులలో ఆడపిల్లకు, ఒంటికి అంటుకోకుండా గాలి ఆడే నూలు గౌను ఒకటి ఉంటే ఎంత హాయి! ఆ గౌనును ఇంటివద్దనే కుట్టుకోవడం ఎట్లాగో ఈనాడు మీతో ముచ్చటించదలచాను.

ఈమధ్య పాతకాలపు మోస్తరు దుస్తుల మీద మళ్ళీ మోజు కలిగింది. బుట్టచేతులు, నడుము దగ్గర కుచ్చులు, వెనుక ముడివేసే పట్టీ, ఇవన్నీ మన అమ్మల, అమ్మమ్మల ఛాయాచిత్రాలలో కనిపించేవే. ఇప్పుడు అవే దుకాణాలలో అద్దాల వెనుక వేలాడుతున్నాయి. వాటి ధర చూసి ఒకనాడు నేను వెనుదిరిగి వచ్చాను. వచ్చిన తరువాత తోచింది: కొత్తగా చేసిన పాత గౌను కొనడమెందుకు? నిజమైన పాత గౌను మా ఇంటనే ఉన్నది కదా!

రెండేండ్ల క్రిందటి మాట ఇది. మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక గౌను ఉన్నది. అమ్మ పుట్టిల్లు గుడివాడ ప్రాంతంలో కాలువగట్టున ఉన్న ఒక పల్లె. 1961 వేసవిలో, అమ్మకు ఎనిమిదవ ఏడు నడుస్తుండగా, మా అమ్మమ్మ దానిని కుట్టింది. ఎర్రపూల చీటీగుడ్డ. ఆ ఇంట కుట్టుమిషను లేదు. భుజం మొదలు అంచు దాకా అంతా చేతికుట్టే. మిషను లేదని వెనుకాడే సోదరీమణులకు ఆ గౌనే సమాధానం. నాలుగు మధ్యాహ్నాలు తీరిక ఉంటే చేతితోనే ఒక గౌను ముగించవచ్చును.

మా అమ్మాయికి కూడా అప్పుడు ఎనిమిదేండ్లు. అదే కొలతకు అదే తీరున కుట్టవలెనని ఉత్సాహపడి, కుట్లు విప్పి ముక్కలుగా పరచుకుంటే నమూనా చక్కగా వస్తుందని కత్తెర చేతబట్టాను. అమ్మ నా చేయి పట్టుకుని, “విప్పకే అమ్మాయ్, అది మీ అమ్మమ్మ కుట్టు. మళ్ళీ అట్లా ఎవరు కుడతారు?” అన్నది. నేను ఆగిపోయాను. ఆగిపోవడమే మంచిదయింది. విప్పకుండానే నమూనా తీసే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని తరువాత మనవి చేస్తాను. ముందు గుడ్డ సంగతి చూద్దాము.

చీటీగుడ్డ అనే మాట ఇప్పటి పిల్లలకు కొత్త. పూలు, తీగెలు అద్దిన నూలుగుడ్డను మన పెద్దలు చీటీగుడ్డ అనేవారు. ఇంగ్లీషువారు చింట్జ్ అన్నది దీనినే. డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ మచిలీపట్నంలో వర్తకానికి దిగినప్పుడు వారిని ఆకర్షించిన సరుకులలో ఈ రంగుల గుడ్డలు ముఖ్యమైనవి. ఉతికినా రంగు పోని పూల నూలుగుడ్డ ఆనాటి ఐరోపాలో అపురూపమైన వస్తువు. అక్కడి స్త్రీలు తమ గౌనులకు కోరమాండల్ తీరపు గుడ్డను ఎంతగా కోరుకున్నారంటే, ఉన్ని, పట్టు నేసే అక్కడి నేతగాండ్రు తమ జీవనం పోతున్నదని గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో ఈ గుడ్డలను నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఇంగ్లండులో 1701 నుండి దిగుమతిని అరికట్టారు. అదీ చాలక 1721లో ధరించడాన్ని కూడా నిషేధిస్తూ చట్టం చేశారు. 1774లో గాని అది సడలలేదు. ఒక పూలగౌను తొడుక్కోవడానికి చట్టం అడ్డు వచ్చిన కాలమది! కనుక విదేశాల పాతకాలపు పూలగౌనుల బొమ్మలు చూసి మనము ముచ్చటపడినప్పుడు, ఆ పూల వంశంలో కొంత మన బందరు తీరానిదేనని గుర్తుంచుకోవలెను.

ఆ విద్య మన మధ్య ఇంకా బ్రతికి ఉన్నది. స్వాతంత్ర్యానంతరం కలంకారీ మళ్ళీ చిగురించడానికి పాటుపడినవారిలో శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ గారు ముఖ్యులు. బందరుకు సమీపాన ఉన్న పెడనలో నేటికీ టేకుచెక్క అచ్చులతో ఈ గుడ్డ తయారవుతున్నది. పాత పద్ధతిలో గుడ్డను ముందు బాగా ఉతికి, కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ ముంచి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసిన రసం కరక్కాయతో కలిస్తే నలుపు వస్తుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో అచ్చు వేస్తారు. పిమ్మట రంగు వేళ్ళతో కలిపి ఉడికిస్తే, పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. తక్కిన చోట కడిగితే పోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుండి వచ్చేది. ఈ పని కంతటికీ పారే నీరు కావలెను. కాలువ నీటికీ మన పిల్లల గౌనుకూ ఉన్న సంబంధం అటువంటిది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. కలంకారీ పేరుతో స్క్రీను మీద అచ్చు వేసిన గుడ్డలు కూడా అంగళ్ళలో ఉన్నాయి. అవి చెడ్డవని కాదు గాని, ధర ఒకటి కాకూడదు. చేతి అచ్చులో ఒక పువ్వుకూ దాని పక్క పువ్వుకూ అతుకులో రవంత తేడా కనబడుతుంది. మరీ ఒక్క తీరుగా ఉంటే సందేహించవచ్చును. పూలు వద్దనుకునేవారికి మంగళగిరి నూలుగుడ్డ ఉన్నది. ఖర్చే వద్దనుకుంటే, ఇంటిలో వాడి మెత్తబడిన నూలుచీర కంటె వేసవికి మేలైన గుడ్డ లేదు.

ఎనిమిదేండ్ల పిల్లకు 44 అంగుళాల పన్నా గల గుడ్డ రెండుంబావు మీటర్లు తీసుకోండి. లెక్కకు రెండు మీటర్లు చాలును. ఆ పైన తీసుకున్న పావు మీటరు ఎందుకంటే, అది నేను చేసిన పొరపాటు నేర్పిన పాఠం. మొదటిసారి గుడ్డ తెచ్చిన సంతోషంలో తడపకుండానే కత్తిరించి కుట్టాను. గౌను పిల్లకు అచ్చంగా సరిపోయింది. ఒక్క ఉతుకు వేయగానే చంకలు పట్టేసి, నడుము పైకి ఎక్కి కూర్చున్నది. చేనేత నూలుగుడ్డ మొదటి ఉతుకులో మీటరుకు రెండంగుళాల దాకా కుదించుకుపోవచ్చును. కనుక గుడ్డను ఒక రాత్రి చన్నీటిలో విడిగా నానవేసి, గంజి పోయేటట్లు జాడించి, నీడలో ఆరవేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేసి, ఆ తరువాతనే కత్తెర పట్టవలెను. రంగు దిగుతుందా అన్నది తెలియవలెనంటే తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి.

ఇక నమూనా. పాత గౌనును విప్పకుండా నమూనా తీయడానికి మడత పెట్టిన దుప్పటి మీద వార్తాపత్రిక కాగితం పరచండి. దానిమీద గౌనును ముడతలు లేకుండా ఉంచి, కుట్టు వెంబడి అంగుళానికి ఒకటి చొప్పున గుండుసూదులు నిలువుగా గుచ్చుతూ పోండి. గౌను తీసిన తరువాత కాగితం మీద చిల్లులు వరుసగా కనబడతాయి. వాటిని పెన్సిలుతో కలిపితే మెడ, భుజం, చంక, ప్రక్క అన్నీ వస్తాయి. పాత గౌను లేనివారు కొలతలతోనే గీసుకోవచ్చును. ఛాతీ 26 అంగుళాలనుకోండి. అందులో నాలుగవ వంతు ఆరున్నర. దానికి గాలి ఆడడానికి ఒక అంగుళం, ప్రక్క కుట్టుకు ఒక అంగుళం చేర్చితే ఎనిమిదిన్నర. గుడ్డను మడతపెట్టి గీసే సగం ముందుభాగానికి ఇదే వెడల్పు. చంక లోతు ఆరున్నర, మెడ వెడల్పు మడతనుండి రెండుంబావు, మెడ లోతు ముందు మూడు, వెనుక ఒకటి, భుజపు వాలు ముప్పాతిక అంగుళం. మెడ వెనుక నుండి నడుము దాకా 11 అంగుళాలుంటే, ఎదుగుదలకు అర అంగుళం, కుట్టుకు ఒక అంగుళం చేర్చండి. వెనుక భాగం రెండు ముక్కలుగా రావలెను. గుండీల పట్టీకి ఒక్కొక్క ముక్కకు ఒకటిన్నర అంగుళం అదనం.

ఒంటికీ గుడ్డకూ నడుమ విడిచిన ఆ ఒక్క అంగుళమే వేసవి గౌనుకు ప్రాణం. మన ప్రాంతంలో చెమట ఆరవలెనంటే గాలి తగలవలెను. బిగించి కుట్టిన గౌను ఎంత పల్చని గుడ్డతో కుట్టినా ఉక్కబోతే.

కత్తిరించేటప్పుడు నమూనా నిలువు గుడ్డ పడుగు వెంబడి ఉండేటట్లు చూసుకోండి. నిలబడిన పూలూ తీగెలూ ఉన్న గుడ్డ అయితే ముక్కలన్నీ ఒకే దిశలో పెట్టండి. లేనిచో ముందు పూలు పైకి, వెనుక పూలు క్రిందికి చూస్తాయి. లంగా భాగానికి 25 అంగుళాల పొడవున రెండు ముక్కలు తీయండి. ఒకటి పూర్తి పన్నా, రెండవది సగం పన్నా. మిగిలిన సగంలో పైభాగాలు, క్రింద మిగిలిన గుడ్డలో చేతులు, పట్టీలు వస్తాయి.

బుట్టచేతులు చూడడానికి కష్టంగా కనిపిస్తాయి గాని అందులో ఉన్న కిటుకు చిన్నది. మామూలు పొట్టిచెయ్యి నమూనాను కాగితం మీద గీసి, పై నుండి క్రిందికి అయిదు పేలికలుగా కత్తిరించండి. వేరొక కాగితం మీద వాటిని వరుసగా పేర్చి, పేలికకూ పేలికకూ నడుమ అంగుళం ఎడం విడవండి. పైన వంపును మరొక అంగుళం ఎత్తుగా గీయండి. అదే బుట్టచెయ్యి. పైనా క్రిందా కుచ్చులు పోసి, క్రింద చేతి చుట్టుకొలతకు ఒకటిన్నర అంగుళం కలిపిన పట్టీకి అతకవలెను. ఆ ఉబ్బు సింగారానికే కాదు. గుడ్డను చేతికి దూరంగా నిలిపి గాలికి చోటిస్తుంది.

కుట్టే వరుస ఇది. ముందు భుజాలు కలపండి. మెడకు ఏటవాలుగా కత్తిరించిన పట్టీ వేయండి. నిలువు పట్టీ వేస్తే మెడ వంపు ముడతలు పడుతుంది. తరువాత చేతులు అతికి, చేతి అడుగునుండి నడుము దాకా ప్రక్కలు ఒకే కుట్టుగా కుట్టండి. ప్రక్కన విడిచిన అంగుళం గుడ్డను కత్తిరించి పారవేయకండి. పిల్ల ఒళ్ళు చేసినప్పుడు అదే ఆదుకుంటుంది. లంగా ముక్కలు రెండూ కలిపి, వెనుక నడుమ నాలుగంగుళాల చీలిక విడిచి, పైన పావు అంగుళం ఎడంగా రెండు వరుసలు పెద్ద కుట్టు వేయండి. క్రింది దారాలు రెండూ కలిపి మెల్లగా లాగితే కుచ్చులు వస్తాయి. ఒక్క వరుసే వేస్తే దారం తెగినప్పుడు పని మొదటికి వస్తుంది. కుచ్చులు సమంగా సర్ది పైభాగానికి అతకండి.

లంగా పొడవు 25 అంగుళాలన్నాను. పిల్లకు కావలసినది 18. కుట్టుకు ఒకటి, అంచు మడతకు మూడు పోగా ఇంకా మూడంగుళాలు మిగులుతాయి. ఆ మూడూ టక్కులకు. కుచ్చులు పోయక ముందే, అంచుకు పైన లంగా చుట్టూ అర అంగుళం లోతున అడ్డంగా మడతపెట్టి కుట్టే కుట్టే టక్కు. ఒక్కొక్కటి ఒక అంగుళం గుడ్డను తనలో దాచుకుంటుంది. ఏడాదికి ఒకటి విప్పితే గౌను ఏడాదికి ఒక అంగుళం పొడవవుతుంది. ఈ వయసు పిల్లలు ఏటా రెండంగుళాలకు పైగా ఎదుగుతారు. అందులో లంగా పొడవుకు సుమారు ఒక అంగుళం పోతుంది. మన పెద్దలు ఈ లెక్క పుస్తకంలో చదివి నేర్వలేదు. గౌను కుట్టే నాటికే రాబోయే మూడు వేసవులను తలచుకుని కుట్టేవారు. టక్కును పెద్ద కుట్టుతో వేయండి. విప్పేటప్పుడు గుడ్డ చిరగదు.

మా అమ్మ గౌనుకు కూడా అమ్మమ్మ మూడు టక్కులు వేసింది. నమూనా తీస్తూ వాటిని గమనించాను. క్రింది రెండూ విప్పి ఉన్నవి. విప్పిన చోట సూది చిల్లుల వరుసలు, వాటి నడుమ తక్కిన గుడ్డకంటె ముదురుగా ఎర్రని చార. మడతలో దాగిన గుడ్డకు ఎండ తగలలేదు గదా! మూడవది మాత్రం విప్పలేదు. అమ్మమ్మ కుట్టు కుట్టుగానే ఉన్నది. గౌను చిరగలేదు, గుడ్డ పాడు కాలేదు. మరి ఎందుకు విప్పలేదని అడిగాను.

అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. 1963 వేసవికి అమ్మ అయిదవ తరగతి ముగించింది. ఊళ్ళో బడి అంతవరకే. ఉన్నత పాఠశాలకు పోవలెనంటే కాలువ బల్లకట్టు దాటి మైళ్ళు నడవవలెను. పదేండ్ల ఆడపిల్లను అట్లా పంపరాదని ఇంట పెద్దలు అనుకున్నారు. పరికిణీ, ఓణీ కుట్టించారు. బడి ఆగిపోయింది, గౌనూ ఆగిపోయింది. “మా అమ్మ ఆ మడత విప్పడానికి ఒకసారి పట్టుకున్నది. ‘ఇంక దీనితో పని లేదులే’ అని పెట్టెలో పెట్టేసింది. ఆ రోజున అమ్మ కండ్లు తుడుచుకోవడం చూశాను,” అన్నది మా అమ్మ. తన తల్లిని నిందించలేదు. ఆ ఊరినీ నిందించలేదు. నేను పట్టభద్రురాలనై ఈ ఉద్యోగంలో ఉండడానికి మా అమ్మ పట్టిన పట్టుదల ఏపాటిదో నాకు తెలుసును. దాని మొదలు ఎక్కడ ఉన్నదో మాత్రం ఆ రోజున తెలిసింది.

ఆ పాత గౌను మళ్ళీ పెట్టెలోకి పోయింది. దాని మడత మేము విప్పలేదు. అందులో 1961 నాటి ఎరుపు ఇంకా అట్లాగే ఉన్నది.

మా అమ్మాయి గౌనుకు నేను టక్కులు వేయదలచలేదు. ఈ రోజులలో పిల్లలు ఏడాది తిరగకుండా ఒక దుస్తును విడిచి ఇంకొకటి అడుగుతారు గదా అనుకున్నాను. అమ్మ వినలేదు. “మూడూ వెయ్యి,” అన్నది. వేశాను. పోయిన వేసవికి మొదటిది విప్పాము. ఈ వేసవికి రెండవది విప్పాము. రంగు చార కనబడుతుందేమోనని మా అమ్మాయి బెంగపెట్టుకున్నది గాని, ఆ చార మీద ఒక తెల్లని నాడా కుట్టగానే అదొక కొత్త సింగారమనుకుని సంతోషపడింది. మీరూ అట్లా చేయవచ్చును.

సోదరీమణులారా, ఇంటి కుట్టు దుకాణపు కుట్టంత తీరుగా రాకపోవచ్చును. కాజా ఒకటి వంకరపోవచ్చును, కుచ్చు ఒకచోట దట్టమై ఒకచోట పలచబడవచ్చును. అయినా పిల్ల ఈ సంవత్సరం ఎంత ఉన్నదో చూసి కుట్టిన గౌను ఒకటి, వచ్చే సంవత్సరం ఎంత అవుతుందో తలచి కుట్టిన గౌను ఒకటి. రెండవది అంగడిలో అరుదుగా దొరుకుతుంది. రెండుంబావు మీటర్ల గుడ్డ తెచ్చి, రాత్రికి నానవేసి ఉంచండి. తక్కినది చేతికి దానంతట అదే అలవడుతుంది.

మా అమ్మాయి ఈ జూనులో ఆరవ తరగతికి పోతున్నది. మూడవ టక్కు వచ్చే వేసవికి ఉంచాము. అప్పటికి అది ఆరవ తరగతి ముగించి ఉంటుంది. ఆ మడతను మాత్రం నేను విప్పను. సూది మా అమ్మ చేతికి ఇవ్వదలచాను.